అప్పగింతలు లేని స్వాగతం

మా మనవరాలు ఇంజనీరింగులో చేరింది. సంతోషమే. తంటా ఎక్కడొచ్చిందంటే, ఆ పిల్లతోబాటు ఇంటిల్లిపాదీ చేరవలసి వచ్చింది.

శనివారం సాయంత్రం నరసన్నపేటలో మా వీధరుగు మీద కూచుని పేపరు తిరగేస్తూంటే కోడలు ఫోను పట్టుకొచ్చి చూపించింది. రంగురంగుల కార్డు. చుట్టూ పూలతీగ, నడుమ బంగారు రంగు అక్షరాలు. పైన వినాయకుడి బొమ్మ లేదు గానీ మిగతాదంతా శుభలేఖే. తల్లిదండ్రులకూ కుటుంబసభ్యులకూ హార్దిక స్వాగతమట. ఉదయం తొమ్మిదిన్నరకి ఓరియంటేషన్, తర్వాత విందు, ఆ పైన హాస్టల్ ప్రవేశం. గృహప్రవేశం తెలుసు నాకు, ఇది కొత్తది.

"మామయ్యా, మీరూ బయల్దేరాలి. ఫ్యామిలీ అని రాశారు," అంది కోడలు.

"నేను ఫ్యామిలీనని ఈ ఇంట్లో ఒప్పుకోడానికి కాలేజీవాడు కార్డు పంపాల్సి వచ్చిందన్నమాట," అన్నాను. నవ్వేసి లోపలికి పోయింది. రానంటాననుకుంది కాబోలు. వెళ్ళాను. ముప్ఫయ్యేళ్ళ పైన పోస్టాఫీసులో పనిచేసినవాణ్ణి. పేరు రాసి పంపిన పిలుపును వెనక్కి పంపడం చేతకాదు.

సామాను సంగతి ముందు చెప్పుకోవాలి. పరుపు, రెండు దిళ్ళు, బకెట్టు, మగ్గు, నీళ్ళు కాచే కెటిల్, ఆరు ప్లగ్గుల బోర్డు, హ్యాంగర్లు రెండు డజన్లు, చెప్పుల స్టాండు, దోమల బ్యాటు, ముఖానికి వేరే, ఒంటికి వేరే, తలకి వేరే సబ్బునీళ్ళ సీసాలు. "కిటికీ ఒక్కటీ వదిలేశార్రా," అన్నాను మావాడితో. "కిటికీకి కర్టెన్ తీసుకున్నాం తాతా," అంది వెనక సీట్లోంచి మనవరాలు. డిక్కీ మూతపడక తాడు వేసి కట్టారు. దోమల బ్యాటు నా ఒళ్ళో పెట్టారు. నూరు కిలోమీటర్ల పైన ఆంజనేయస్వామి గదలాగ దాన్ని పట్టుకునే ప్రయాణం చేశాను.

1973లో నేను శ్రీకాకుళంలో డిగ్రీకి బయల్దేరినప్పుడు నా వెంట వచ్చింది ఒక రేకుపెట్టె. దానికి గొళ్ళెం ఉంది, తాళం లేదు. దొంగలెత్తుకుపోయేంత సరుకు అందులో ఉంటే కదా! రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, వాసెన కట్టిన ఆవకాయ జాడీ, సంచిలో మురీలూ బెల్లమూ. ఇత్తడి చెంబు ఒకటి. అది బుడితి చెంబు. బుడితి మాకు కూతవేటు దూరం. ఇప్పుడు ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చి ఎగ్జిబిషన్లలో అద్దాల బీరువాల్లో పెడుతున్నారు. మేము దాంతో చెరువుగట్టుకి వెళ్ళేవాళ్ళం.

పెట్టె మా అయ్య నెత్తిన పెట్టుకున్నాడు. నన్ను మొయ్యనివ్వలేదు. పుస్తకాలు మోసేవాడు పెట్టె మొయ్యకూడదని ఆయన లెక్క.

మా అయ్యకి ఉన్న భయం చదువు గురించి కాదు. అంతకు ముందు మూడు నాలుగేళ్ళలో మా జిల్లా కొండల్లో నక్సలైటు పోరాటం లేచి ఏం జరిగిందో ఊళ్ళో పశువుల కాపరి కూడా ఎరుగును. దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. 1970 జూలైలో పోలీసుల చేతుల్లో పోయారు. ఆ తర్వాత చాన్నాళ్ళు చదువుకున్న కుర్రాడు టౌనులో గది తీసుకున్నాడంటే పోలీసు ఒకటికి రెండుసార్లు చూసేవాడు. అది సద్దుమణిగిందో లేదో, 1972 చివర జై ఆంధ్ర ఉద్యమం లేచి కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. మా పరీక్షలు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలీలేదు. ఇంటిపట్టున ఉన్న కుర్రాళ్ళని పొలం పనికి తోలేశారు. అటువంటి రోజుల్లో కొడుకుని టౌనులో దిగబెట్టడం అంటే లోతు తెలీని ఏట్లో దూడని దింపినట్టే. బస్సెక్కేముందు మా అయ్య ఒకే మాట అన్నాడు. "సదువు సదువుకో. మరే కబురూ ఇనకు." ఓరియంటేషన్ అయిపోయింది. నరసన్నపేట బస్టాండులో, నిలబడి, అర నిమిషంలో.

ఇప్పటి సంగతికొస్తాను. మడపాం టోల్‌గేటు దగ్గర కారు ఆగకుండానే డబ్బులు పోయాయి. పర్సు తియ్యకుండా డబ్బు పోయే విద్య మా రోజుల్లో జేబుదొంగలకే తెలుసు. మా ఊరి మీంచి పోయే ఈ రోడ్డుకి మేము చదువుకున్నప్పుడు అయిదో నంబరు, ఇప్పుడు పదహారట. నంబరు పెరిగింది, వెడల్పూ పెరిగింది, రోడ్డుపక్క చింతచెట్లు మాత్రం లేవు. ఎచ్చెర్ల దాటుతూంటే ట్రిపుల్ ఐటీ కనిపించకపోయినా మావాడు వేలెత్తి చూపించాడు. 2016లో వచ్చింది మా జిల్లాకి. పదో తరగతి మార్కులు చూసి సీటిస్తారు, ఆరేళ్ళ చదువు. పదిహేనేళ్ళు పదహారేళ్ళ పిల్లలు. అక్కడ చేర్చే రోజున కొండప్రాంతాల నుంచి వచ్చిన తల్లులు చెట్టుకింద చాప పరిచి, కట్టుకొచ్చిన అన్నం పిల్లల నోట్లో పెడుతూంటే చూసిన వాళ్ళు చెప్పారు. అది వింటే నాకు సణుగుడు రాదు. నా సణుగుడంతా ముందుంది.

కాలేజీ పేరు చెప్పను. హైవే పక్కనే ఉంది, అద్దాల మేడ. గేటు దగ్గర గాలి ఊదిన తోరణం, రెండు ప్లాస్టిక్ అరటిచెట్లు. అడుగు పెట్టగానే ఇద్దరు పిల్లలు పన్నీరు చల్లారు, ఒకమ్మాయి బొట్టు పెట్టింది, ఇంకొకమ్మాయి గులాబీ ఇచ్చింది. నా మెడలో ఒక బిళ్ళ వేలాడదీశారు. 'గర్వించే కుటుంబం' అని ఇంగ్లీషులో ఉంది దాని మీద. లోపల మనిషెత్తు అట్టచట్రం. అందులోంచి మొహం బయటకి పెట్టి ఫోటో దిగాలట. మావాడూ కోడలూ పిల్లా దిగారు. "మామయ్యా మీరూ," అంది కోడలు. నాకు సబ్‌పోస్టాఫీసు కౌంటరు కిటికీ గుర్తొచ్చింది. ముప్ఫయ్యేళ్ళు అలాంటి చట్రంలోంచే ప్రపంచాన్ని చూశాను, ఇంక చాలన్నాను.

మా రోజుల్లో మా అయ్యకి ఎవరు బొట్టు పెట్టారు? శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గేటు దాకా పెట్టె మోసుకొచ్చి, అక్కడ దింపి, పైగుడ్డతో మొహం తుడుచుకుని, "ఎల్లు," అన్నాడు. లోపలికి రాలేదు. రావొద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. గుమస్తా దగ్గర ఫీజు కట్టి రసీదు పట్టుకుని నేను తిరిగొచ్చేసరికి అదే చోట పెట్టె మీద కూచుని ఉన్నాడు. "అయిపోనాదా?" "అయిపోనాది." అంతే.

ఇది విని మనవరాలు, "పాపం ముత్తాతని ఎవరూ పలకరించలేదా తాతా," అంది. దాని జాలి దానిది. కానీ అసలు కథ గేటు దగ్గర లేదు. గేటు దాటి రెండు వీధులు పోతే మామ్మగారి మెస్సుంది. ఆవిడ పేరు నేను ఎప్పుడూ పిలవలేదు, ఇక్కడా రాయను. నలుగురైదుగురు కుర్రాళ్ళకి వెనక వసారాలో గది, రెండుపూటలా భోజనం. మా అయ్య ఆ గుమ్మం ముందు చెప్పులు విడిచి, పైగుడ్డ నడుముకి చుట్టుకుని, చేతులు జోడించి అన్న మాటలు యాభై ఏళ్ళు దాటినా నాకు కంఠతా వచ్చు.

"మా గుంటడు తల్లీ. నోట్లో నాలిక నేనోడు. తిన్నాడో నేదో సూడండి. తప్పు సేస్తే నాలుగు తన్నండి, నాకు కబురెట్టండి. మీ సేతుల్లో ఎట్టీసి ఎల్తన్నాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నాకు ముగ్గురు మగపిల్లలు. వీడితో నలుగురు. మీరు వెళ్ళి రండి," అంది.

ఇదీ అప్పగింత అంటే. పెళ్ళిలో పిల్ల చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారే, అది. ఇచ్చేవాడు ఇచ్చాననుకోవాలి, పుచ్చుకునేవాడు పుచ్చుకున్నాననాలి. ఆ తర్వాత ఇచ్చినవాడు ఇంటికి పోవాలి. మా అయ్య మధ్యాహ్నం బస్సుకి పోయాడు. మళ్ళీ దసరాకే చూశాను ఆయన్ని.

మామ్మగారు పుచ్చుకున్నదాన్ని ఉత్తుత్తిగా పుచ్చుకోలేదు. రెండో నెలలో నేను సెకండ్ షో సినిమాకి పోయి అర్ధరాత్రి దాటాక పిల్లిలా గోడ దూకాను. అరుగు మీద లాంతరు పక్కన పెట్టుకుని కూచుని ఉంది. పల్లెత్తు మాటనలేదు. కంచంలో అన్నం పెట్టి మజ్జిగ పోసింది, తిన్నాను. పొద్దున్నే పిలిచింది. ఆవిడకి రాయడం రాదు. పది పైసల కార్డు ముక్క నా చేతికిచ్చి, "రాయి," అంది. తను చెప్తూంటే నేను రాయాలి. మీవాడు నిన్న రాత్రి రెండో ఆట సినిమాకి వెళ్ళాడు, గోడ దూకాడు, తమకి తెలియపరచడమైనది. నా మీద ఫిర్యాదు నాచేతే రాయించింది! ఏమార్చి రాస్తానేమోనని పక్కగది కుర్రాణ్ణి పిలిచి పైకి చదివించుకుంది కూడా. ఆ కార్డు నేనే తీసుకెళ్ళి డబ్బాలో వేశాను. తపాలాశాఖకి నేను చేసిన మొదటి సేవ అదే అనుకోవచ్చు.

మా అయ్యకీ అక్షరం రాదు. నరసన్నపేటలో పోస్టుమాస్టరు గారు చదివి వినిపించారట, బల్ల దగ్గర నిలబడ్డ పదిమందీ వింటూండగా. ఆ నెల మనియార్డరు వచ్చింది. దాని అడుగున చిన్న కూపన్ ముక్క ఉండేది, కబుర్లు రాసుకోడానికి. నాలుగు మాటలున్నాయి దాని మీద. 'టిక్కెట్టు డబ్బులు తగ్గించి పంపినాను.' లెక్క చూస్తే సరిగ్గా నేలటిక్కెట్టు డబ్బులే తగ్గాయి.

తర్వాత నేనే ఆ బల్ల వెనక కూచున్నాను కనక చెప్తున్నాను. ఒక ఊరి నాన్నల సంగతి తెలియాలంటే మనియార్డరు కూపన్లు చూడాలి. 'జ్వరం తగ్గిందా.' 'ఆవు ఈనింది.' 'అప్ప పెళ్ళి కుదిరింది, రానక్కర్లేదు, చదువుకో.' వేలిముద్ర వేసి పంపే మనిషి మాట మాటకీ ఆలోచించి చెప్పేవాడు. ఇప్పుడు రాత్రి పన్నెండు దాకా ఫోన్లో మొహాలు చూసుకుంటూ, "తిన్నావా", "ఆఁ తిన్నా" అని మాత్రం చెప్పుకుంటున్నారు.

ఇటువంటి అప్పగింతలు మా ప్రాంతానికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి గారిది మా పక్కనే శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట. 1863లో పుట్టారు. పన్నెండో ఏట తండ్రి పోతే విజయనగరం మహారాజా వారి బడిలో చదువుకున్నారు. అక్కడే గురజాడ అప్పారావు గారు తోటి విద్యార్థి. ఆ అప్పారావు గారికి, ఇంట్లో గడవని రోజుల్లో, కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు తన దగ్గరే భోజనవసతి ఇచ్చి చదివించారు. ప్రిన్సిపాలు! ఆయన ఓరియంటేషన్ పెట్టలేదు, కంచం పెట్టారు. ఇంకా కొందరికి వారాలుండేవి. సోమవారం ఒకరింట, మంగళవారం ఒకరింట, ఏడు వారాలకి ఏడిళ్ళు. అయితే ఆ వారాలు అన్ని కులాల పిల్లలకీ దొరికేవి కావు. ఆ మాట మింగేసి 'ఆహా ఆ రోజులు' అనడం నాకిష్టం లేదు. మా వీధి పిల్లల్ని ఆ ఏడిళ్ళలో ఏ ఒక్కటీ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. మాకు మామ్మగారి వసారా దొరకడం అదృష్టం. దొరకనివాళ్ళకి ప్రభుత్వ హాస్టళ్ళే దిక్కు.

సరే, హాలు. ఏసీ చలికి కండువా చెవులకి చుట్టుకున్నాను. వేదిక మీద సినిమా తెరంత బొమ్మ. ఒకాయన వచ్చి మొత్తం ఎకరాలు చెప్పాడు. ఇంకొకాయన బస్సులు ఎన్నో చెప్పాడు. మూడో ఆయన ఉద్యోగాల జీతాలు, లక్షల్లో, పిల్లల బొమ్మలతో సహా. ఆ అంకెలు వచ్చినప్పుడల్లా నా పక్కాయన ఫోటో తీసుకున్నాడు. గంటన్నర కూచున్నాను. పాఠం చెప్పే మనిషిని ఒక్కణ్ణి లేపి, "లెక్కలు చెప్పేది ఈయన, మీ పిల్లలు రేపట్నించి ఈయన ముందు కూచుంటారు," అని ఎవరైనా చూపిస్తారేమోనని. చూపించలేదు. పెళ్ళికొడుకుని తప్ప అందర్నీ పరిచయం చేసిన పెళ్ళిచూపుల్లా ఉంది.

పేర్ల మార్పు చూడండి. ఇంజనీరింగు ప్రవేశపరీక్షని 1986లో ఎంసెట్ అన్నారు. ఒక తరమంతా ఆ పేరు విని ఉలిక్కిపడి పెరిగింది. 2021లో మనవైపు దాన్ని ఈఏపీసెట్ చేశారు. నోరు తిరక్క కుర్రాళ్ళు ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు. కొత్తగా చేరినవాళ్ళకి మూడు వారాల ఇండక్షన్ ఉండాలని పైనుంచి రూలు. యూజీసీ వారు 2019లో దానికి 'దీక్షారంభ్' అని పేరు పెట్టారు. పేరు బాగుంది. అయ్యప్ప దీక్షకి పెట్టే నియమాల్లో సగం పెట్టి, ఉదయం అయిదింటికి లేపి చన్నీళ్ళ స్నానం చేయించే ఉద్దేశం ఉందేమోనని నాకో ఆశ. మనవరాలు ఇండక్షన్ కాగితం చదివి, "యోగా ఉంది, టాలెంట్ షో ఉంది తాతా," అంది.

తర్వాత కాగితాలు పంచారు. ర్యాగింగ్ చెయ్యబోమని ప్రమాణపత్రం. పిల్ల ఒకటి, తండ్రి ఒకటి సంతకం పెట్టాలి. ఏటేటా పెట్టాలి. దీన్ని నేను వెక్కిరించను. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ మీద చట్టం వచ్చింది, 2009లో దేశమంతటికీ యూజీసీ నిబంధనలు వచ్చాయి. అవి ఊరికే రాలేదు, పిల్లలు పోతే వచ్చాయి. మా రోజుల్లో ర్యాగింగ్ లేదనేవాడు అబద్ధాలకోరు. మా సీనియర్లు నాచేత కాలేజీ రోడ్డు పొడవు అగ్గిపుల్లతో కొలిపించారు. నేను నవ్వాను కనక అది జోకు. ఏడ్చినవాడు ఒకడున్నాడు, దసరా సెలవులకి వెళ్ళి మళ్ళీ రాలేదు. వాడి బెడ్డింగు తీసుకెళ్ళడానికి వాళ్ళ అన్న వచ్చాడు. కాబట్టి గోడ మీద ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, రాసినవాడికి ఒక దణ్ణం.

నాకు గుచ్చుకున్నది ఆ కాగితంతోబాటు వచ్చిన మిగతా కాగితాలు. పిల్ల హాజరు తగ్గితే తండ్రిదే బాధ్యత. సామాను పోతే తండ్రిదే బాధ్యత. అనుమతి లేకుండా బయటికి పోతే తండ్రిదే బాధ్యత. ఫీజు గడువు దాటితే, అది సరేసరి. మావాడు వరసగా సంతకాలు పెడుతూ పోయాడు. మా రోజుల్లో రిజిస్టరు పార్సిలుకి కూడా పుచ్చుకున్నవాడే సంతకం పెట్టేవాడు. పార్సిలు ఇస్తున్నవాడిచేత, 'పోతే నాదే పూచీ' అని రాయించుకునే పోస్టాఫీసు నేనెక్కడా చూడలేదు. పన్నీరు చల్లి పిల్లని లోపలికి పిలిచి, ఈ కాగితాలతో మళ్ళీ తండ్రి ఒళ్ళోనే కూచోబెట్టారు.

పైగా ఒక యాప్. పిల్ల క్లాసుకి పోతే మెసేజీ, పోకపోతే మెసేజీ, మార్కులు వస్తే మెసేజీ, హాస్టలు గేటు దాటితే మెసేజీ. తల్లిదండ్రులకి ఒక వాట్సాప్ గ్రూపు. భోజనాలు లేచేలోగా అందులో నూటికి పైగా గుడ్‌మార్నింగులూ నమస్కారాలూ పడ్డాయి. ఒకావిడ, "టిఫిన్‌లో ఇడ్లీ మెత్తగా ఉంటుందా," అని అడిగింది. ఇంకొకాయన దేవుడి బొమ్మ పెట్టాడు.

చివర్లో, "ఎనీ డౌట్స్?" అన్నారు. సారవకోట వైపు మనిషి అనుకుంటాను, ముతక చొక్కా, మెడలో మాలాగే గర్వించే బిళ్ళ, వెనక వరసలోంచి లేచాడు. మైకు ఇస్తే దాన్ని ఏం చెయ్యాలో తెలీక పక్కకి పట్టుకున్నాడు.

"బావూ, మా గుంట రాత్రేల నీలు తాగడానికి లెగిస్తాది. సీకటంటే బయిం దానికి. ఆడ లైటు ఉంటాదా?"

హాలు నవ్వింది. వేదిక మీద కుర్రాయన కూడా నవ్వి, ఇరవైనాలుగు గంటలూ పవర్ బ్యాకప్ ఉందని, జనరేటరు ఎంత సామర్థ్యమో ఇంగ్లీషులో చెప్పాడు. అడిగినాయనకి అర్థం కాలేదు, "సరే బావూ," అని కూచున్నాడు. పక్కన కూతురు తల దించుకుంది. ఆ గంటన్నరలో ఆ హాల్లో అడిగిన ప్రశ్న అదొక్కటే అని నాకనిపించింది. మిగతావాళ్ళం ప్యాకేజీలు అడిగాం.

మా మేనల్లుడు అమెరికాలో అట్లాంటాలో ఉంటాడు. ఈ సంగతి చెప్తే వాడొకటి చెప్పాడు. అక్కడ మోర్‌హౌస్ అని నల్లవారి మగపిల్లల కాలేజీ ఉంది, పాతది, మార్టిన్ లూథర్ కింగ్ చదివింది అక్కడే. కొత్త పిల్లలు చేరినప్పుడు వీడ్కోలు సభ అని ఒకటి చేస్తారట. అంతా అయ్యాక పిల్లలు గేటు లోపల, తల్లిదండ్రులు గేటు బయట. గేటు మూసేస్తారు. పాటలుంటాయి, ఏడుపులుంటాయి, తర్వాత ఎవరి కారు వాళ్ళు ఎక్కుతారు. వినగానే, "ఒరేయ్, అది అప్పగింతల పాటరా," అన్నాను. ఎక్కడి అట్లాంటా, ఎక్కడి మామ్మగారి గుమ్మం! మనవాళ్ళు అమెరికా నుంచి ఓరియంటేషనూ, అట్టచట్రమూ, మెడలో బిళ్ళా అన్నీ తెచ్చుకున్నారు. ఆ గేటు ఒక్కటీ తేలేదు.

హాస్టలు దగ్గర నాలుగో అంతస్తు. లిఫ్టు పరుపులతో నిండిపోయింది. నేను కింద బల్ల మీద కూచున్నాను. అయిదున్నరకల్లా బయటివాళ్ళు వెళ్ళిపోవాలని గోడ మీద ఉంది. ఏడు దాటింది, ఒక్క తల్లీ కదల్లేదు. కర్టెన్లు కడుతున్నారు, పక్కలు వేస్తున్నారు, పక్కమంచం పిల్ల ఊరూ పేరూ కూపీ తీస్తున్నారు. వాచ్‌మన్ ఈల ఊదాడు, ఎవరికీ వినపడలేదు. వార్డెనమ్మ ఒకావిడ నవ్వుతూ తిరుగుతోంది గానీ 'ఇంక బయల్దేరండి' అనే మాట ఆవిడ నోట రావడం లేదు. రాదు. ఫీజు కట్టినవాళ్ళని పొమ్మనడానికి నోరెలా వస్తుంది? పిలవడం తెలిసినవాళ్ళకి సాగనంపడం చేతకాలేదు. నేనే మేడ ఎక్కి కోడల్ని కిందికి లాక్కొచ్చాను. మెట్ల మీద ఏడ్చింది. ఏడవనిచ్చాను.

అన్నట్టు, మా అప్ప సంగతి చెప్పలేదు. నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకంటే బాగా చదివేది. మా పంతులుగారు, "ఈ పిల్లని పై చదువుకి పంపండి," అన్నారట. ఎక్కడ ఉంచుతాం, ఎవరికి అప్పచెప్తాం అన్నాడు మా అయ్య. మామ్మగారు ఆడపిల్లని తీసుకోదు. ఎనిమిదో తరగతితో ఆపేసి, మూడేళ్ళకి పెళ్ళి చేసి, పాలలో చేతులు ముంచి అప్పచెప్పారు. మనవరాలికి సీటు వచ్చిందని ఫోన్లో చెప్తే అప్ప అడిగింది ఒకటే. "ఆడపిల్లలకి ఏరే మేడ ఉందేటిరా?" ఉందన్నాను. "ఎన్నంతస్తులు?" అంది. చెప్పాను.

వచ్చేటప్పుడు మనవరాలి చేతిలో అయిదు పోస్టుకార్డులు పెట్టాను. "ఇవేంటి తాతా?" అంది. రాయమన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కడ నొక్కాలి?" అంది. వేళాకోళమే అనుకుంటాను. పిన్‌కోడు గడుల గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అది 1972 ఆగస్టు 15న మొదలైంది, నేను ఇల్లు వదలడానికి ఏడాది ముందు. ఆరంకెలు, అందులో మొదటిది ప్రాంతం, ఆఖరి మూడూ పోస్టాఫీసు. పిల్ల శ్రద్ధగా తలూపింది. ఈ తరం ఎంత శ్రద్ధగా తలూపితే అంత వినలేదని అర్థం.

తగరపువలస చేరేలోగా కోడలు రెండుసార్లు వీడియో కాల్ చేసింది. నాతవలస టోల్‌గేటు దగ్గర మూడోసారి. మడపాం వచ్చేసరికి పిల్ల ఫోను ఎత్తలేదు. ఇంక కారులో ఎవరికీ ఊపిరాడలేదు. నాకు మాత్రం హాయిగా ఉంది, ఇప్పటికి కాలేజీలో చేరింది అనుకున్నాను. దోమల బ్యాటు కారులోనే మర్చిపోయామని ఇల్లు చేరాక తెలిసింది. అది ఇంకా నా ఒళ్ళోనే ఉంది.

సోమవారం తొమ్మిదీ పదికి మావాడి ఫోను మోగింది. మీ అమ్మాయి హాజరు. మంగళవారం హాజరు. బుధవారం హాజరు. ఈ హాజరు పిలుపుకి మావాడే 'ప్రెజెంట్ సార్' అనేట్టున్నాడు.

పది రోజులకి నాకు కార్డు వచ్చింది. వచ్చిందంటే పోస్టులో కాదు. రాసి, దాన్ని ఫోటో తీసి, వాట్సాప్‌లో పంపింది. కాలేజీలో డబ్బా ఎక్కడుందో ఎవరికీ తెలీలేదట. దస్తూరీ బాగానే ఉంది, కుదురుగా.

'తాతా, ఆ రోజు వెనక వరసలో ఒక పెద్దాయన అడిగారు కదా. వాళ్ళమ్మాయిది మా పక్క రూము. వరండాలో లైటు ఉంది, కానీ నీళ్ళ కూలర్ దగ్గర లేదు. మేమిద్దరం కలిసే వెళ్తున్నాం.'

కళ్ళజోడు తెచ్చుకుని ఫోటోని పెద్దది చేసి చూశాను. చిరునామా వైపు కూడా తీసి పంపింది. పేరుంది, వీధి ఉంది, నరసన్నపేట ఉంది. పిన్‌కోడు గడులు ఆరూ ఖాళీ.